గడ్డకట్టే చలి రాత్రి బస్సులో, రైల్లో క్షేమంగా ఇంటికి చేరడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఒక చలికాలం రాత్రి, బస్సు మారాల్సిన స్టాపులో యాభై నిమిషాలు నిలబడిపోయాను. ఫోన్‌లో బస్సు "4 నిమిషాల్లో" అని కనిపిస్తూనే ఉంది. ఆ నాలుగు నిమిషాలు తరగలేదు. కాసేపటికి 34 శాతం చార్జింగ్ ఉన్న ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు. అప్పటికి నా ఒంటి మీద మందపాటి కోటు ఉంది, స్వెటర్ ఉంది, టోపీ ఉంది. ఈ బస్సు రాకపోతే ఏం చేయాలన్న ఆలోచన మాత్రం లేదు. వస్తుందిలే, ఇంకో రెండు నిమిషాలు చూద్దాం అనుకుంటూ గంట దాకా గడిపేశాను.

ఆ రాత్రి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది. చలిలో మనిషిని ఎక్కువగా దెబ్బతీసేది ఆరుబయట కదలకుండా నిలబడే సమయం. కాబట్టి ప్రయాణం మొత్తాన్ని ఆ నిమిషాల చుట్టూనే లెక్క వేసుకోవాలి. ఎక్కడెక్కడ నిలబడాల్సి వస్తుంది, ఎంతసేపు, అక్కడ బండి రాకపోతే ఎటు వెళ్లాలి అన్నవి వేడిగా ఉన్న గదిలో కూర్చుని ఉండగానే తేల్చుకోవాలి. ఒళ్లు గడ్డకట్టాక బుర్ర కూడా సరిగ్గా పనిచేయదు.

1. ఇంట్లో ఉండగానే తిరుగు ప్రయాణం చూసుకోండి

చాలామంది ఆఖరి బస్సు ఎన్నింటికో చూసుకుని బయలుదేరతారు. అది చాలదు. ఆఖరి బస్సుకు ముందు వచ్చేదాన్నే మీ బస్సు అనుకోండి. అది తప్పిపోయినా, రద్దయినా ఆఖరిది చేతిలో ఉంటుంది. ఆఖరి బస్సు మీదే ఆధారపడితే అది రాని రోజున రోడ్డు మీద నిలబడాల్సిందే.

అర్ధరాత్రి దాటాక నడిచే బండ్ల విషయంలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. శుక్రవారం రాత్రి 12:40కి వచ్చే బస్సు క్యాలెండర్ ప్రకారం శనివారానిది. రవాణా సంస్థలు మాత్రం సాధారణంగా దాన్ని శుక్రవారం టైం టేబుల్లోనే వేస్తాయి, ఎందుకంటే వాళ్ల లెక్కలో రోజు తెల్లవారుజామున గానీ ముగియదు. శనివారం పేజీలో వెతికి, బస్సు లేదనుకున్నవాళ్లూ ఉన్నారు, శనివారం రాత్రి బస్సును శుక్రవారానిదనుకుని వచ్చి నిలబడినవాళ్లూ ఉన్నారు. పండగ రోజుల్లో చాలాచోట్ల ఆదివారం టైం టేబుల్ నడుస్తుంది. అదీ చూసుకోండి.

తర్వాత దారి ఎంచుకోవడం. ఒక దారిలో నేరుగా వెళ్లే బస్సు 40 నిమిషాలు తీసుకుంటుంది. ఇంకో దారిలో మధ్యలో బండి మారితే 28 నిమిషాలే. పగలైతే రెండోదే ఎక్కుతాం. చలి రాత్రి నేను కళ్లు మూసుకుని మొదటిదే ఎక్కుతాను. మారడానికి ఉన్న ఏడు నిమిషాల వ్యవధి మొదటి బండి కాస్త ఆలస్యమైతే చాలు, కరిగిపోతుంది. రెండో బండి అరగంటకొకటి వచ్చేదైతే ఆ అరగంటా బయటే. పన్నెండు నిమిషాలు మిగుల్చుకోవడానికి అంత పందెం కాయక్కర్లేదు. మారక తప్పకపోతే, లోపల నిలబడే వీలున్న పెద్ద స్టేషన్లో మారండి. అది మీ దారికి కాస్త వెనక్కి ఉన్నా ఫర్వాలేదు.

బండి మొదలయ్యే చోటు దగ్గర్లో ఉంటే అక్కడికే వెళ్లి ఎక్కడం ఇంకా మేలు. బయలుదేరే టైము దాకా బండి అక్కడే ఆగి ఉంటే లోపల కూర్చోవచ్చు, బండి ఉందో లేదో కళ్లతో చూడొచ్చు.

అసలు ఈ చలిలో బండ్లు ఎందుకు ఆగిపోతాయో తెలిస్తే దారి ఎంచుకోవడం తేలికవుతుంది. బాగా చల్లబడితే డీజిల్‌లోని మైనం గట్టిపడి ఫిల్టర్లకు అడ్డం పడుతుంది. బస్సుల ఎయిర్ బ్రేకుల గొట్టాల్లో చేరిన తేమ గడ్డకట్టవచ్చు. రైళ్లకైతే పట్టాలు విడిపోయే చోట మంచు ఇరుక్కుని దారి మారదు. పైన కరెంటు తీగ మీదో, పక్కన ఉండే కరెంటు పట్టా మీదో మంచు పేరుకుంటే కరెంటు సరిగ్గా అందదు. సొరంగంలో నడిచే రైళ్లకు ఈ బాధలు చాలా తక్కువ. రెండు దారులున్నప్పుడు ఎక్కువ దూరం భూమి లోపల వెళ్లేదాన్ని ఎంచుకోండి.

2. థర్మామీటర్ ఒక్కటే చూడకండి, గాలి కూడా చూడండి

వాతావరణ సూచనలో ఉష్ణోగ్రత పక్కనే "ఎంత చలిగా అనిపిస్తుంది" అని ఇంకో అంకె ఉంటుంది. స్టాపులో నిలబడేవాళ్లు ముందు చూడాల్సింది అదే. పాల్ సైపుల్, చార్లెస్ ప్యాసెల్ అనే ఇద్దరు పరిశోధకులు అంటార్కిటికాలో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నీళ్లు పోసి, గాలి వేగాన్ని బట్టి అవి ఎంతసేపట్లో గడ్డకడుతున్నాయో కొలిచి 1945లో ఫలితాలు ప్రచురించారు. ఈ లెక్క అక్కడ మొదలైంది. 2001లో అమెరికా, కెనడా కలిసి దాన్ని సవరించాయి. ఈసారి మనుషుల్నే చల్లగాలి వీచే సొరంగంలో నడిపించి, వాళ్ల ముఖాలు ఎంత వేగంగా చల్లబడుతున్నాయో చూశారు.

ఆ లెక్క ప్రకారం మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి మైనస్ 20లా తగులుతుంది. మైనస్ 20కి అదే గాలి తోడైతే మైనస్ 33. ఈ అంకె మైనస్ 28 కంటే కిందికి దిగితే, కప్పుకోని చర్మం 30 నిమిషాల్లోపే గడ్డకట్టే ప్రమాదం ఉంది. మైనస్ 40 దగ్గర పది నిమిషాలు చాలు. అంటే అరగంటకొక బస్సు వచ్చే దారిలో ఒక్క బస్సు తప్పినా ముక్కు, చెవులు, బుగ్గలు దెబ్బతినొచ్చు. అలాంటి రాత్రి నిజంగా వెళ్లాలా, వెళ్తే అక్కడే పడుకోవచ్చా అన్నది ముందే అడిగి పెట్టుకోండి. అడగడానికి మొహమాటపడకండి.

3. నిలబడటానికి సరిపడా బట్టలు

నడుస్తుంటే ఒళ్లు దానంతటదే వేడెక్కుతుంది. నిలబడితే ఆ వేడి తగ్గిపోతుంది. అందుకే ఇంటి గుమ్మం దాటగానే హాయిగా అనిపించిన బట్టలు స్టాపులో సరిపోవు. ఒక మందపాటి కోటు కంటే పొరలు పొరలుగా వేసుకోవడం మంచిది. ఒంటికి తగిలే పొర నూలుది కాకూడదు. నూలు చెమట పీల్చుకుని తడిగా అంటుకునే ఉంటుంది. ఉన్ని గానీ, వ్యాయామానికి వేసుకునే సింథటిక్ బట్ట గానీ మేలు. పైపొర గాలి చొరబడనిది కావాలి.

కాళ్ల విషయంలో ఎక్కువమంది పొరపడతారు. చలి కదా అని రెండు జతల సాక్సులు బిగించి బూట్లలో దూర్చేస్తారు. వేళ్లు కదలకుండా బిగుసుకుపోతే రక్తం సరిగ్గా ఆడదు, సాక్సుల మధ్య గాలి కూడా నిలవదు. ఒక మందపాటి ఉన్ని జత వేసుకుని, బూట్ల లోపల వేళ్లు ఆడించగలుగుతున్నారా అని చూసుకోండి. చేతులకు అయిదు వేళ్లకు విడివిడిగా ఉండే గ్లవ్స్ కంటే, నాలుగు వేళ్లు ఒకే సంచిలో ఉండేవి వెచ్చగా ఉంటాయి. ఫోన్ నొక్కడానికి లోపల పలుచటి గ్లవ్స్ ఉంటే ఇంకా నయం.

తల గురించి ఒక మాట ప్రచారంలో ఉంది, ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుందని. అది నిజం కాదు. తల నుంచి పోయే వేడి దాని పరిమాణానికి తగ్గట్టు పదో వంతు లోపే. అయినా టోపీ పెట్టుకోవాల్సిందే, చెవులు చాలా త్వరగా గడ్డకడతాయి కాబట్టి.

బస్సు అందుకోవడానికి పరుగెత్తకండి. పరుగెత్తితే చెమట పడుతుంది, ఆ తడి బట్టలతోనే స్టాపులో నిలబడాలి. నీరు గాలి కంటే పాతిక రెట్ల వేగంగా వేడిని లాగేస్తుంది. పది నిమిషాలు ముందే బయలుదేరి, కోటు జిప్పు కాస్త తెరిచి నడిచి, స్టాపుకు చేరగానే పూర్తిగా మూసేయండి.

4. ఫోన్‌ను నమ్ముకునే ముందు

ఫోన్లలో ఉండే లిథియం బ్యాటరీ చలికి మందగిస్తుంది. లోపల చార్జింగ్ ఉన్నా దాన్ని అవసరమైనంత వేగంగా బయటికి ఇవ్వలేక ఫోన్ ఆగిపోతుంది. వేడెక్కాక మళ్లీ బతుకుతుంది కూడా. నా ఫోన్‌కు జరిగింది అదే. ఫోన్‌ను కోటు బయటి జేబులో పెట్టకండి, చొక్కాకు దగ్గరగా లోపలి జేబులో పెట్టండి. పవర్ బ్యాంక్ కూడా అక్కడే. సున్నా డిగ్రీల కంటే చల్లబడిన బ్యాటరీకి చార్జింగ్ పెడితే అది శాశ్వతంగా దెబ్బతింటుంది కాబట్టి, చార్జింగ్ కూడా కోటు లోపలే జరగనివ్వండి.

బస్సుల టైములు, టాక్సీ నంబరు, మీకోసం ఎదురుచూసేవాళ్ల నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇది పాతకాలపు పద్ధతిలా అనిపించొచ్చు. ఫోన్ ఆగిపోయిన రాత్రి నాకు ఒక్క నంబరూ గుర్తుకు రాలేదు. టాక్సీకి సరిపడా డబ్బు విడిగా దాచి ఉంచండి. తిరుగు టికెట్ వెళ్లేటప్పుడే కొనేయండి, ఎందుకంటే ఆరుబయట ఉండే టికెట్ మెషీన్ల తెరలు చలికి మొద్దుబారతాయి. గ్లవ్స్ తీసి నొక్కుతూ ఉంటే మీ వేళ్లు కూడా అలాగే అవుతాయి.

సంచిలో ఇంకో రెండు వస్తువులు: పొడి సాక్సులు ఒక జత, మడిచిన పాత దినపత్రిక ఒకటి. పత్రిక ఎందుకో కింద చెప్తాను.

5. స్టాపులో

మొదటి నియమం, స్టాపులో నిలబడకపోవడం. దగ్గర్లో ఏదైనా భవనం ముందుగది, తెరిచి ఉన్న దుకాణం, స్టేషన్ హాలు ఉంటే అక్కడే ఉండి అద్దంలోంచి రోడ్డు చూడండి. బస్సు ముందు స్టాపు నుంచి ఇక్కడికి రావడానికి ఎంతసేపు పడుతుందో, మీరు అద్దం దగ్గర్నుంచి స్టాపుకు నడవడానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకుని, రెండు నిమిషాలు ముందే బయటికి రండి.

యాప్‌లో కనిపించే టైము రెండు రకాలు. ఒకటి బండిలోని జీపీఎస్ నుంచి వచ్చేది. రెండోది ఉత్త టైం టేబుల్ అంకె. చాలా యాప్‌లు మొదటిదాన్ని రంగుతోనో చిన్న గుర్తుతోనో వేరుగా చూపిస్తాయి. ఆ గుర్తు లేకపోతే బస్సు బయలుదేరిందో లేదో కూడా యాప్‌కు తెలియదన్నమాట. అంకె తగ్గుతూ వచ్చి సున్నా దగ్గర మాయమైతే అది చాలావరకు టైం టేబుల్ బస్సే. ఒకే అంకె దగ్గర ఆగిపోతే బండి ఎక్కడో ఇరుక్కుంది, లేదా సిగ్నల్ పోయింది. సంస్థ సొంత పేజీలోనూ ఒకసారి చూడండి. మంచు పడిన రోజు బస్సులు బాగా ఏటవాలుగా ఉండే రోడ్లు వదిలేసి వేరే దారిలో వెళ్లొచ్చు, మీ స్టాపుకు రాకపోవచ్చు.

బయట నిలబడక తప్పనప్పుడు ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూసి, దానికి అడ్డంగా గోడో షెల్టర్ మూసిన వైపో ఉండేలా నిలబడండి. ఇనుప బెంచీ మీద కూర్చోకండి. లోహం ఒంటి వేడిని ఇట్టే లాగేస్తుంది.

ఇప్పుడు దినపత్రిక సంగతి. ఆ రాత్రి స్టాపులో నా పక్కన ఒక పెద్దావిడ ఉంది. రాగానే సంచిలోంచి ఒక అట్టముక్క తీసి, నేల మీద పరిచి, దాని మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడింది. అదేమిటో అని నేను చూస్తుంటే అట్టను రెండుగా చింపి సగం నాకిచ్చింది. అయిదు నిమిషాలకు తేడా తెలిసింది. చలి అప్పటిదాకా పైనుంచి వస్తోందనుకున్నాను గానీ, ఎక్కువ భాగం గడ్డకట్టిన నేలలోంచి బూటు అడుగు ద్వారా పైకి పాకుతోంది. అట్టగానీ నాలుగు మడతల పత్రికగానీ అడ్డం పెడితే ఆ దారి మూసుకుంటుంది. అప్పటినుంచి పత్రిక లేకుండా నేను రాత్రి ప్రయాణం చేయలేదు.

నిలబడ్డంతసేపూ బూట్లలో వేళ్లు ముడుస్తూ చాపుతూ ఉండండి. మడమలు ఎత్తి దించండి. చేతులు కొంకర్లు పోతే భుజం నుంచి చేతిని గుండ్రంగా గట్టిగా ఓ ఇరవై, ముప్పై సార్లు తిప్పండి. ఆ ఊపుకు రక్తం వేళ్ల చివరికి చేరుతుంది. చెమట పట్టేదాకా మాత్రం వద్దు.

రాత్రిపూట కొన్ని రైళ్లకు పెట్టెలు తక్కువ ఉంటాయి, ప్లాట్‌ఫాం మొత్తం పొడవునా ఆగవు. ఎక్కడ ఆగుతుందో బోర్డు చూసి అక్కడే ఉండండి, లేకపోతే మంచు మీద పరుగెత్తాల్సి వస్తుంది. చీకటి స్టాపులో డ్రైవరుకు మీరు కనిపించాలి. నల్లకోటు వేసుకుని షెల్టర్ మూలన నిలబడితే బస్సు ఆగకుండా పోవచ్చు. బస్సు దూరంగా ఉండగానే అంచుకు కాస్త ఇవతలగా వచ్చి చెయ్యెత్తండి, ఫోన్ లైటు కిందికి వేసి ఊపండి. డ్రైవరు కళ్లలోకి వేయకండి.

6. ఇక చాలు అని ఎప్పుడు అనుకోవాలి

ఈ మార్గదర్శిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. బయలుదేరే ముందే ఒక గీత గీసుకోండి. నా లెక్క చెప్తాను: గాలి లేని మైనస్ 5 లాంటి రాత్రి అయితే రావాల్సిన టైము దాటి ఇరవై నిమిషాలు. చర్మానికి మైనస్ 20లా తగిలే రాత్రి పది నిమిషాలు. అంతకంటే చల్లగా ఉంటే ఆరుబయట అసలు ఆగను. జీపీఎస్ గుర్తుతో బండి దగ్గర పడుతున్నట్టు కనిపిస్తే తప్ప ఈ గీత దాటను.

గీత దాటాక ఇంకో రెండు నిమిషాలు అని మనసు లాగుతుంది. ఇంతసేపు నిలబడ్డాం, ఇప్పుడు వెళ్తే ఆ కష్టమంతా వృథా అనిపిస్తుంది. గడిచిన నిమిషాలకూ బస్సు రాకకూ ఏ సంబంధం లేదు. కదలండి.

ఎటు కదలాలో వరస ఇది. ముందు వెచ్చటి చోటికి: స్టేషన్, హోటల్ ముందుగది, ఆసుపత్రి హాలు, రాత్రంతా తెరిచి ఉండేది ఏదైనా. అక్కడ కూర్చుని వేళ్లు స్వాధీనంలోకి వచ్చాక టాక్సీ పిలవండి, లేదా దగ్గర్లో ఉన్నవాళ్లకు ఫోన్ చేయండి. అదే స్టాపులో నిలబడ్డవాళ్లను అడిగితే టాక్సీ ఖర్చు పంచుకోవడానికి చాలాసార్లు ఒప్పుకుంటారు, వాళ్లదీ అదే పరిస్థితి.

నడిచి వెళ్దామా అనిపిస్తే, దూరం తెలిసి ఉండి, దారి పొడవునా దీపాలు, తెరిచిన చోట్లు ఉంటేనే నడవండి. బస్సు వచ్చే దారి వెంటే, స్టాపు నుంచి స్టాపుకు నడవండి. ప్రతి స్టాపు దగ్గరా వెనక్కి తిరిగి చూడండి. అడ్డదారులు వద్దు.

7. బండి ఎక్కాక

వెచ్చదనం తగలగానే టోపీ, గ్లవ్స్ తీసి జిప్పు తెరవండి. లోపల చెమట పట్టించుకుని దిగితే మళ్లీ మొదటికొస్తుంది. చలి నుంచి వెచ్చటి చోటికి రాగానే నిద్ర ముంచుకొస్తుంది. నిద్రపోయి ఆఖరి స్టాపుకు చేరితే తిరిగి రావడానికి బండి ఉండదు, కాబట్టి దిగడానికి అయిదు నిమిషాల ముందు మోగేలా వైబ్రేషన్ అలారం పెట్టుకోండి. అద్దాలు ఆవిరిపట్టి బయట ఏమీ కనిపించదు. ఎక్కేటప్పుడే డ్రైవరుకు మీ స్టాపు పేరు చెప్పండి.

ఒక స్టాపు ముందే జిప్పు మూసి, మఫ్లర్ చుట్టి, గ్లవ్స్ వేసుకుని, ఇంటి తాళంచెవి బయటి జేబులోకి మార్చుకోండి. బండి దిగాక చలిలో నిలబడి తాళంచెవి వెతుక్కుంటే, అప్పటిదాకా దాచుకున్న వేడి ఆ రెండు నిమిషాల్లోనే పోతుంది.

రైలు మధ్యలో ఆగిపోతే దిగకండి. కరెంటు పోయినా లోపలే ఎక్కువ వెచ్చగా ఉంటుంది, పక్క పట్టాల్లో కరెంటు ఉండొచ్చు, ఎదురు రైలు రావచ్చు.

8. ఆఖరి నడక

బస్సు మెట్లే మొదటి గండం, తడి మంచు తొక్కి అందరూ వాటిని నున్నగా చేసి ఉంటారు. కమ్మీ పట్టుకుని ఒక్కో కాలే దించండి. ఆ తర్వాత భయపడాల్సింది తెల్లగా కనిపించే మంచు గురించి కాదు, కనిపించని పలుచటి పొర గురించి. రోడ్డు తడిగా మెరుస్తున్నా, దాని మీద వెళ్లే బండ్ల టైర్ల చప్పుడు వినిపించకపోతే అనుమానించండి. వంతెనలకు కింద కూడా చల్లగాలి తగులుతుంది కాబట్టి అవి ముందు గడ్డకడతాయి.

నడక పెంగ్విన్‌లా ఉండాలి: చిన్న అడుగులు, పాదం మొత్తం ఒకేసారి ఆనించి, బరువు ముందు కాలి మీద ఉంచి. చేతులు జేబుల్లోంచి తీయండి, పడబోతే ఆపుకోవడానికి కావాలి. రోడ్డు దాటేటప్పుడు వస్తున్న కారు పూర్తిగా ఆగేదాకా అడుగు వేయకండి. మంచు మీద బ్రేకు వేస్తే ఆగే దూరం పొడి రోడ్డు మీది కంటే పది రెట్ల దాకా పెరుగుతుంది.

9. ఒళ్లు చెప్పే హెచ్చరికలు

వణుకు మంచిదే, ఒళ్లు వేడి పుట్టించుకుంటోందని అర్థం. బాగా వణికిన మనిషి వెచ్చబడకుండానే వణకడం ఆగిపోతే అది ప్రమాదం. మాట తడబడటం, అడుగు తూలడం, జిప్పు పెట్టుకోలేకపోవడం, మత్తుగా కూర్చుండిపోవాలనిపించడం హైపోథర్మియా లక్షణాలు. ఒంటి లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే తగ్గిందన్నమాట. ఆ మనిషికి తన స్థితి తెలియదు, బాగానే ఉన్నానంటాడు. నమ్మకండి. లోపలికి తీసుకెళ్లి, తడి బట్టలు మార్చి, దుప్పట్లు కప్పి, ఎమర్జెన్సీ నంబరుకు ఫోన్ చేయండి.

మందు తాగితే చలి ఆగుతుందనుకోవడం పొరపాటు. చర్మం కింది రక్తనాళాలు తెరుచుకుని వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంది. సిగరెట్ వల్ల వేళ్లకు రక్తం ఇంకా తగ్గుతుంది.

ముక్కు, చెవులు, వేళ్లు మొద్దుబారి తెల్లగానో, బూడిద రంగులోనో, మైనంలానో మారితే ఫ్రాస్ట్‌బైట్, అంటే చర్మం గడ్డకట్టడం, మొదలైనట్టే. రుద్దకండి, మంచుతో అసలే రుద్దకండి. చేతివేళ్లయితే చంకల్లో పెట్టుకోండి. కాలివేళ్లు మొద్దుబారి ఉంటే, మళ్లీ చలిలోకి వెళ్లాల్సి ఉన్నప్పుడు మధ్యలో కరిగించకండి. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకడితే నష్టం ఎక్కువ.

పసిపిల్లలు పెద్దవాళ్లలా వణికి వేడి పుట్టించుకోలేరు. తోపుడు బండిలో కదలకుండా ఉంటారు కాబట్టి మీకు బాగున్నా వాళ్లకు చలేస్తుంటుంది, మాటిమాటికీ మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు చలి దెబ్బ తెలియదు, వాళ్లకు గీత ఇంకా ముందే ఉండాలి.

10. ఇంట్లో అడుగుపెట్టాక

మొద్దుబారిన కాళ్లతో హీటర్ ముందు కూర్చోకండి, వేడి నీళ్లలో పెట్టకండి. స్పర్శ లేదు కాబట్టి కాలినా తెలియదు. 37 నుంచి 39 డిగ్రీల గోరువెచ్చని నీళ్లు చాలు, వేడి సరిపోయిందో లేదో మొద్దుబారని వాళ్ల మోచేత్తో చూడమనండి. రంగు తిరిగి రాకపోయినా, బొబ్బలు లేచినా ఆ రాత్రే డాక్టరుకు చూపించండి.

చేరానని ఎదురుచూసేవాళ్లకు మెసేజ్ పెట్టండి. గ్లవ్స్ ఆరేయండి, బూట్లలో కాగితం ఉండలు కుక్కండి. పవర్ బ్యాంక్ గది వేడికి వచ్చాక చార్జింగ్ పెట్టండి. తడిసిన పత్రిక తీసేసి, ఇంకొకటి మడిచి సంచిలో పెట్టండి.